మోతి కడపటి దినములు

మా ఇంట మోతి యను ముసలికుక్క యుండెడిది. 2024 వేసవిలో దానికి తీరని జబ్బు చేసెను. అప్పుడు మేమేమి చేసితిమో, చేయుటకు ముందెంత తడబడితిమో వ్రాయుటకు మొదట సంకోచించితిమి. కుక్కను గూర్చి యింత వ్రాయవలెనా యని కొందఱు సోదరీమణులు నవ్వవచ్చును. కాని యింటిలో కుక్కకు అన్నము పెట్టునది గృహిణి. అది అన్నము మానినపుడు మొదట కనిపెట్టునదియు, అర్ధరాత్రి దాని మూలుగు విని లేచునదియు గృహిణియే. తుదకు "ఇప్పుడేమి చేయుదము?" అని యింటివారందఱును చూచునది ఆమె మొగమువంకనే. కావున వ్రాయుచున్నాము.

మోతి మేలుజాతి కుక్క గాదు. 2011లో వినాయక నిమజ్జనము ముగిసిన మరునాడు సరూర్‌నగర్ చెరువుకట్టమీద, వాడిన పత్రియు పూలదండలును కుప్పగా పడియున్నచోట, తడిసి వణకుచు కూర్చుండినదట. మావారు బడినుండి వచ్చుచు దానిని పుస్తకముల సంచిలో పెట్టి తెచ్చిరి. మేము కాపురమునకు వచ్చి అప్పటికి ఏడాది. ఆచారము గల మా అత్తగారు దానిని చూచి, "ఉండనిండు, కాని వంటయింటి గడప దాటరాదు" అనిరి. పదమూడేండ్లలో అది ఆ గడప దాటలేదు. ముందరికాళ్లు గడపకు ఆనించి, మూతి వానిమీద పెట్టుకొని, లోపల పోపు చిటపటలాడుచుండగా చూచుచు పడుకొనెడిది. అత్తగారు తాము భోజనమునకు కూర్చుండుటకు ముందు పెరుగన్నపు ముద్ద యొకటి వేఱుగా తీసిపెట్టెడివారు. దాని నెవరైన మోతిముద్ద యన్నచో, "నేను కాకికి తీసితిని" అని చెప్పెడివారు. కాకి యెన్నడును ఆ ముద్దను చూచియెఱుగదు.

2020 అక్టోబరులో కురిసిన పెనువానకు చెరువు పొంగి కట్టక్రింది కాలనీలను ముంచినది యీ ప్రాంతమువారెవ్వరును మఱవలేదు. ఆ రాత్రి మా వీధిలోనికిని మోకాలిబంటి నీరు వచ్చెను. మేము పిల్లలను, బియ్యపుడబ్బాలను మేడమీదికి చేర్చుచుండగా, "మోతి యేది?" అని మొదట కేకవేసినవారు అత్తగారే. రెండు రాత్రులు అది ఆమె మంచము క్రిందనే పడుకొనెను. ఆ రెండు దినములు మడిమాట యెవ్వరును ఎత్తలేదు. నీరు తీసిన పిమ్మట ఇల్లంతయు కడిగించి, మరల గడప హద్దు నిలిపిరి.

ఇక జబ్బు సంగతి. ఆ సంవత్సరము మార్చిలో మోతి నీరు విస్తారముగా త్రాగసాగెను. ఎండలు ముదురుచున్నవి గదా యనుకొంటిమి. మాటిమాటికి బయటికి పోయెడిది. నీరెక్కువగా త్రాగుటచేత నని సరిపెట్టుకొంటిమి. వెనుకకాలు కుంటుచుండుటచేత, ముసలితనపు కీళ్లనొప్పి యని మావారు తమకు నడుమునొప్పికి వాడు మాత్రను సగము విఱిచి ఇచ్చిరి. మఱునాడు మేమొక సగమిచ్చితిమి. మూడవనాటికి అది తిన్నదంతయు వెళ్లగ్రక్కెను. మలము నల్లగా నుండెను. ఆస్పత్రికి కొనిపోవుటకు పిలువగా నలుగురు ఆటోవారు కుక్కను చూచి సాగిపోయిరి. అయిదవవాడు సీటుమీద గోనెపట్టా పఱచి, "తొందరగా ఎక్కుండ్రి అమ్మా" అనెను. అతని పేరు అడుగవలెనని మాకు ఇల్లు చేరిన పిదపగాని తోపలేదు.

దిల్‌సుఖ్‌నగర్ వైపున పశువైద్యము చేయు ఒకామె రక్తము తీసి పరీక్ష చేయించిరి. మూత్రపిండములు చెడినవని తేలెను. రక్తములో క్రియాటినిను అను మలినమును అవి వడగట్టి బయటికి పంపవలెను. ఆరోగ్యముగానున్న కుక్కలో అది సుమారు 1.4 లోపల నుండునట. ఈ జబ్బును నాలుగు దశలుగా విభజింతురు. 5 దాటినచో కడపటి దశ. మోతికి 7.8 ఉండెను. నీరు విస్తారముగా త్రాగుటయు, విస్తారముగా పోయుటయు ఈ జబ్బునకు తొలిగుర్తులని, మూత్రపిండములలో చాలభాగము చెడినగాని అవి బయటపడవని డాక్టరమ్మ చెప్పిరి. దాని నోటినుండి వచ్చు ఘాటువాసనయు, చిగుళ్లమీది పుండ్లును రక్తములో నిలిచిపోయిన విషము వలననేనట. పండ్లు పుచ్చినవని మేమనుకొనుచుంటిమి.

మాత్ర సంగతి చెప్పగా ఆమె మొగము ముడుచుకొనెను. మనుష్యులు నొప్పులకు వాడు మాత్రలు, డైక్లోఫెనాక్ గాని, ఇబూప్రొఫెన్ గాని, కుక్కలకు కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను దెబ్బతీయును. పారాసెటమాలును కూడ వైద్యులు చెప్పక యియ్యరాదు. ఈ వ్యాసములో మఱేమి మఱచినను ఈ యొక్క సంగతి మాత్రము చదువరులు గుర్తుంచుకొందురు గాక. "అయితే ఈ జబ్బు మేము తెచ్చిపెట్టినదేనా?" అని యడిగితిమి. ఆమె కొంతసేపాగి, "జబ్బు నెలలనాటిది, మాత్ర మేలు మాత్రము చేయలేదు" అనిరి. ఆ మాటను మేము ఇంటికి మోసికొని వచ్చితిమి.

తరువాత మూడు వారములు బాగుగనే గడచినవి. భుజములనడుమ చర్మమును గుడారమువలె ఎత్తిపట్టి, దానిక్రిందికి సూదితో సెలైను ఎక్కించుట డాక్టరమ్మ మాకు నేర్పిరి. మొదటిసారి మా చేయి వణకెను. వారము తిరుగునప్పటికి పప్పు తాలింపువలె అలవాటయ్యెను. మోతి మరల తినెను. వీధి మలుపు వఱకు నడచెను. నాలుగవ వారములో మరల కూలినది. అన్నము వాసన చూచి మొగము త్రిప్పుకొనెడిది. రెండవ పరీక్షలో అంకె 9 దాటెను. అప్పుడు డాక్టరమ్మ మమ్ము కూర్చుండబెట్టి, సెలైనులతో ఇంకను కొన్ని దినములు నెట్టుకొనిరావచ్చుననియు, లేదా నిద్రపుచ్చి నొప్పి తెలియకుండ సాగనంపవచ్చుననియు చెప్పి, "ఏదియు నేడే తేల్చవలసిన పని లేదు" అనిరి. మీరైతే ఏమి చేయుదురని అడిగితిమి. ఆమె దానికి జవాబు చెప్పలేదు. అప్పుడు కోపము వచ్చినది గాని ఇప్పుడు ఆమె చేసినదే సరియనిపించుచున్నది.

ఇంటిలో మాటలు సాగినవి. "ప్రాణము పోయలేనివారికి తీయు అధికార మెక్కడిది? దాని కర్మ అది అనుభవించి పోవును. నడుమ మనమెవరము?" అని అత్తగారు. మావారు, తరగతిలో గంటసేపు మాటాడగలవారు, ఇంటిలో నోరు విప్పలేదు. పదకొండేండ్ల మా అమ్మాయి, "దానికి చెప్పి చేయుదురా, చెప్పక చేయుదురా?" అని యడిగెను. పొరుగింటివారొకరు మంచితనముతోనే, "చెరువుకట్టకు తీసికొనిపోయి విడిచి రండు, అక్కడివే నాలుగు కుక్కలున్నవి, దాని దారి అది చూచుకొనును" అనిరి. సోదరీమణులారా, ఈ మాట తఱచు విందుము. తఱచు జరుగుచున్నది కూడ. మంచము పట్టిన పెద్దవారిని సంతలో దింపి వచ్చుటవంటిది గాక యిది మఱేమి? మిగిలిన మాటలన్నింటితోను మాకు వాదమున్నది. ఈ మాటతో వాదము కూడ లేదు.

మా తాతగారు మాకు భారతము చెప్పిన పెద్దలు. ఆదిపర్వములో సరమ యను దేవశుని తన బిడ్డను నిష్కారణముగా కొట్టిన జనమేజయుని తమ్ముల విషయమై రాజును నిలదీసిన కథ నన్నయగారిలో చదివించిరి. మహాప్రస్థానమును తిక్కనగారిలో చదివించిరి. తమ్ములు, ద్రౌపది ఒక్కరొక్కరే పడిపోవగా తుదకు వెంట మిగిలిన కుక్కను విడిచి రథమెక్కుమని యింద్రుడనగా ధర్మరాజు ఎక్కనని నిలిచెను గదా. ఆ దినములలో మేము రాత్రులు ఆ ఘట్టమునే తిరుగవేసితిమి. తిరుగవేయగా తిరుగవేయగా, ఆ కథ మమ్ము సగముదారి వఱకే తెచ్చి విడుచుచున్నదని తెలిసినది. నమ్మినదానిని విడువరాదని అది చెప్పును. కాని ఆ కుక్కకు జబ్బు లేదు. అది మారువేషములోనున్న ధర్మదేవత. దారిలో దాని మూత్రపిండములు చెడి, అది మంచులో పడి మూలుగుచుండినచో ధర్మరాజేమి చేసియుండునో ఏ పర్వములోను లేదు.

దగ్గఱి ఉదాహరణము మావారు జ్ఞాపకము చేసిరి. 1928లో సబర్మతి ఆశ్రమమున ఒక లేగదూడకు కుదరని జబ్బు చేసి, ఒత్తిగిలుటకైనను శక్తిలేక బాధపడుచుండగా, గాంధీగారు బాగుగ ఆలోచించి, డాక్టరుచేత ఇంజక్షను చేయించి దాని ప్రాణము తీయించిరి. ఆయన ఆ సంగతి దాచలేదు, తమ పత్రికలో తామే వ్రాసిరి. అహింసావ్రతము పట్టినవారు ఇట్లు చేయుదురా యని దేశము నలుమూలలనుండి కోపముతో ఉత్తరములు వచ్చినవి. ఆయన సమాధానములో మాకు పట్టుపడిన విషయమొకటి. ఆ వ్యాసములోనే ఆయన పంటలు పాడుచేయు కోతుల మాటయు నెత్తిరి. దూడను చంపుట దాని బాధ తీర్చుటకొఱకే గనుక హింస కాదనియు, కోతులను చంపినచో అది మన మేలు కొఱకు గనుక హింసయే యగుననియు ఆయన విడదీసిరి. అనగా చూడవలసినది చేతినే కాదు, ఆ చేయి ఎవరికొఱకు లేచినదో కూడ.

ఆ ప్రశ్నను మేము తలక్రిందులు చేసికొని చూచుకొంటిమి. చంపుట యెవరికొఱకని అందఱును అడుగుదురు, బ్రదికించుట యెవరికొఱకు? నిజము చెప్పవలెనన్నచో మాకు సగము మాత్ర గొంతులో నిలిచియుండెను. మోతి యింకొక నెల బ్రదికినచో ఆ తప్పు కొంత మాయునని లోలోపల ఆశ. సూదిమీద సూదిగా మేము గ్రుచ్చినది దాని మేలుకొఱకు కొంత, మా ప్రాయశ్చిత్తము కొఱకు కొంత. ప్రాయశ్చిత్తము మాదైనప్పుడు ఉపవాసము మేముండవలెను గాని మోతి యుండనేల? ఇది తోచిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

డాక్టరమ్మ మాకొక పద్ధతి చెప్పియుండిరి. ఆలిస్ విల్లాలోబోస్ అను అమెరికా పశువైద్యురాలు 2004లో ఏర్పఱచినది. నొప్పి, ఆకలి, ఒంటిలో నీటితడి, శుభ్రత, సంతోషము, నడక, చెడ్డదినములకంటె మంచిదినము లెక్కువయా కాదా అను ఏడింటికి, ఒక్కొక్కదానికి పదిలో ఎన్ని మార్కులో ప్రతిదినము వేయవలెను. మొత్తము డెబ్బదిలో ముప్పదియైదు దాటుచున్నంత కాలము సేవ సాగించుట న్యాయము. అమ్మాయి చిత్తుపుస్తకములో గళ్లు గీసితిమి. మావారికి మార్కులు వేయుట వృత్తియే గనుక ఎఱ్ఱసిరా కలము తెచ్చిరి. మొదటిదినము ఆయన 44 వేసిరి, మేము 36 వేసితిమి. ఎన్నడును ఇంత ధారాళముగా దిద్దరని వారి శిష్యులు చెప్పగా విన్నాము. అత్తగారిని అడుగగా, "దానికి మీరు పరీక్ష పెట్టుటయేమి? అన్నిటికిని పదికి పది" అనిరి.

కాని లెక్క మేలే చేసినది. ఒక్క ఉదయము చూచి భయపడుట, ఒక్క సాయంకాలము చూచి ఆశపడుట తగ్గినది. నాలుగవ దినమున 31. అయిదవనాడు 33. ఆఱవనాడు మావారు 21 అని వ్రాసి, కలమునకు మూత పెట్టి లేచిపోయిరి. మఱునాడు ఆ కలము బడికి పోలేదు.

ఏడవనాడు సాయంకాలము నాలుగున్నరకు ఆయన గేటు తీసిరి. పదమూడేండ్లుగా ఆ చప్పుడునకు మోతి ఎదురు పరుగెత్తెడిది. ఆనాడు తల యెత్తలేదు. తోకకొన మాత్రము నేలమీద రెండుమాఱులు కదలెను. "చూచితిరా, ఆడించినది!" అనిరి అత్తగారు. మాకును క్షణకాలము ప్రాణము లేచివచ్చెను. వెంటనే సిగ్గువేసినది. ఆ రెండంగుళముల కదలికను పట్టుకొని ఇంకొక రాత్రి బాధను దానిమీద వ్రాయుచున్నామే యనిపించెను. ఆ రాత్రి రెండుగంటలకు అది బయటికి పోవలెనని లేవబోయి, పడి, పడినచోటనే తడిపికొన్నది. పుట్టినది మొదలు ఇంటిలో ఎన్నడును ఆ పని చేయలేదు. మేము తుడుచుచుండగా మొగము గోడవైపు త్రిప్పుకొనెను. కుక్కకు సిగ్గుండునో లేదో పండితులు చెప్పుదురు గాక. మాకు మాత్రము ఇంక గళ్లు నింపబుద్ధి కాలేదు.

ఉదయము మావారు ఫోను చేసిరి. చట్టపు సంగతియు ఆయన కనుగొనిరి, అది ఆయన స్వభావము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రూరముగా చంపుటను నేరమన్నది. వీధికుక్కలకు సయితము గుండెలో స్ట్రిక్నీను సూది పొడుచుటను పేరుపెట్టి నిషేధించినది. తీరని బాధలోనున్న జీవమును బాధలేని రీతిని ముగించుటకు అదే చట్టము తావిచ్చినది. వీధికుక్కల విషయమై 2001లో చేసిన నిబంధనలలో, ఒక కుక్కను మఱియొక కుక్క చూచుచుండగా చంపరాదని యొకటి యుండెను. దానిని వ్రాసినవారెవరో గాని, వారింట కుక్క యుండియుండును.

అత్తగారు ఒప్పుకొనలేదు, కాదనియు ననలేదు. తెల్లవాఱి స్నానము చేసి, పెరుగన్నపు మెతుకులు నాలుగు మోతి పెదవులకు అంటించిరి. ఒకటి నాకినది. "సాయంకాలము వఱకు నేను గుడిలోనుందును" అని వెళ్లిపోయిరి. చిన్నవానిని పొరుగింటికి పంపితిమి. అమ్మాయి ఉందునన్నది. దాని ప్రశ్నకు జవాబు బాకీయున్నది గనుక, మోతి చెవిలో తానే చెప్పినది. ఏమి చెప్పినదో మేమడుగలేదు.

జరిగినది జరిగినట్లు చెప్పుదము. ఈ భయమున్న సోదరికి పనికివచ్చును. డాక్టరమ్మ మొదట మత్తు ఇంజక్షను ఇచ్చిరి. పది నిమిషములలో మోతి, ఎన్నో దినములకు మొదటిసారి, మూలుగక నిద్రపోయెను. అప్పుడు అమ్మాయిని లోపలికి పంపితిమి. తరువాత ముందరికాలి నరములోనికి రెండవ మందు, శస్త్రచికిత్సలకు వాడు మత్తుమందు జాతిదే గాని మోతాదు మిక్కిలి హెచ్చు. ఒకటి రెండు నిమిషములలో గుండె నిలిచెను. కన్నులు మూతపడవని, తరువాత ఒకసారి ఊపిరి తీసినట్లు కదలవచ్చునని, అది ప్రాణము గాదని ఆమె ముందే చెప్పియుండుటచేత మేము బెదరలేదు. చాలమంది కుక్కను బల్లమీద అప్పగించి బయటికి పోవుదురట. అది చివరివఱకు తలుపువైపు చూచునట. తల మా ఒడిలో నుండెను. దాని చెవిని పట్టుకొని యుంటిమి. విడువకుండుట యనగా మాకు తెలిసినంతవఱకు అదే. నాగోలు దగ్గఱ ఫతుల్లాగూడలో నగరపాలక సంస్థ జంతువులకు ప్రత్యేకముగా దహనవాటిక కట్టించియున్నది. మావారు అక్కడికి కొనిపోయిరి.

దీపములవేళకు అత్తగారు వచ్చిరి. కాళ్లు కడుగుకొని, గడపలో కొంతసేపు నిలిచిరి.

"అమ్మాయీ, దాని నోట తులసినీళ్లు పోసితివా?"

"రెండు చుక్కలు పోసితిమి అత్తయ్యా. పెదవి తడిసినది."

"నొచ్చినదా?"

"లేదు."

ఆమె మఱేమియు ననలేదు. మఱునాడు భోజనమునకు ముందు పెరుగన్నము కలుపుచు, ఒక ముద్ద వేఱుగా తీసి ఆకుమీద పెట్టిరి. మేము చూచియు చూడనట్లుంటిమి. సాయంకాలము వఱకు ఆ ముద్ద అట్లే యుండెను. తరువాత నిజముగనే కాకి వచ్చినది.